కొలువు దిగిన బొమ్మలు

శ్రోతలకు నమస్కారం.

దసరా వెళ్ళిపోయింది. మీ ఇంట్లో బొమ్మల కొలువు మెట్లు ఇంకా అలాగే ఉన్నాయా? ఉంటే మంచిదే. తొందరపడకండి. బొమ్మల్ని ఇవాళే సర్దేయాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ మైకు ముందు కూర్చున్నాను. మిగతాదంతా ఆ మాట చుట్టూ తిరిగే కబుర్లే అనుకోండి.

కొలువు పెట్టేటప్పుడు ఉన్న హుషారు తీసేటప్పుడు ఉండదు. మహాలయ అమావాస్య నాడు చూడాలి మా ఇల్లు. అటక మీది పెట్టెలు దించడానికి ఒకరు, మెట్లు కట్టడానికి ఒకరు, పంచె పరవడానికి ఒకరు, ఏ బొమ్మ ఏ మెట్టు మీదో తగువులాడటానికి పిల్లలందరూ. ఐదు మెట్లా, ఏడు మెట్లా అని వాదన. విజయదశమి రాత్రి హారతి ఇచ్చి, ఒక బొమ్మను మెట్టు మీదే పడుకోబెట్టి కొలువు చాలించామా, మర్నాడు పొద్దున పిలిస్తే పలికేవాళ్ళు ఉండరు. ఎవరి బస్సు వాళ్ళది. ఇంటి ఆడమనిషి ఒక్కతే నడుముకి కొంగు దోపుకుని, దొరికిన కవర్లో దొరికిన బొమ్మను చుట్టి, పెట్టెలో కుక్కి, అటక ఎక్కించి, హమ్మయ్య అనుకుంటుంది.

2021లో నేను చేసింది సరిగ్గా ఇదే.

మా ఇంట్లో బ్రహ్మోత్సవాల సెట్టు ఒకటి ఉంది. కాగితం గుజ్జుతో చేసి రంగులు వేసిన బొమ్మలు. తిరుపతిలో ఉంటూ కొలువులో వాహనాలు పెట్టకపోతే ఎట్లా? పెద్దశేషుడు, చిన్నశేషుడు, హంస, సింహం, ముత్యపు పందిరి, కల్పవృక్షం, ఇట్లా చివరి అశ్వం దాకా వరసగా ఉంటాయి. కొండ మీద ఆ పూట ఏ వాహనమైతే మా ఇంట్లోనూ ఆ వాహనాన్ని మెట్టు మీద కాస్త ముందుకు జరుపుతాం. దానికో పువ్వు పెడతాం. ఆ ఏడు కరోనా వల్ల కొండ మీద ఉత్సవాలు ఏకాంతంగా జరిగాయి. మాడవీధుల్లో వాహనాలు తిరగలేదు. అందుకేనేమో, ఐదో రోజు రాత్రి మా వీధి వాళ్ళంతా మా ఇంటి గరుడుణ్ణి చూడటానికే వచ్చినట్టు వచ్చారు. మూతికి మాస్కు కట్టుకుని, దూరం నుంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళారు. జానెడు బొమ్మ. ఆ రాత్రి దాని వైభవం చూడాలి!

అక్టోబరు 15న విజయదశమి. 16వ తేదీ మా అబ్బాయి, కోడలు, పిల్లలు బెంగుళూరు బయలుదేరారు. ఆ సందడి పోయాక ఇల్లు బోసిగా ఉంది. ఖాళీగా కూర్చుంటే దిగులేస్తుందని ఆ మధ్యాహ్నమే బొమ్మలు సర్దడానికి పూనుకున్నాను. బయట ముసురు పట్టి ఉంది. మెట్ల మీద పరిచిన పంచె చేతికి చల్లగా, చెమ్మగా తగిలింది. అయినా ఆలోచించలేదు. ఒక్కో బొమ్మను ఒక్కో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గట్టిగా ముడేసి, అట్టపెట్టెల్లో సర్దాను. దుమ్ము పడదు, పురుగు రాదు అని నా ధీమా.

తర్వాతి నెలలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. నవంబరు 18, 19 తేదీల్లో కురిసిన వాన తిరుపతి వాళ్ళెవరూ మరిచిపోరు. వీధులు కాలువలయ్యాయి, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు కానీ పైకప్పు నాలుగు రోజులు నానింది. అటక గోడ మీద చెమ్మ మరక వచ్చింది. చూశాను. ఎండ వస్తే అదే ఆరిపోతుందిలే అనుకున్నాను. మరక ఆరింది కూడా. పెట్టెల్లో ఏముందో చూడాలని మాత్రం తోచలేదు.

పెట్టెలు దించింది మళ్ళీ 2022 సెప్టెంబరు 25న, మహాలయ అమావాస్య నాడు. మూత తీయగానే బూజు వాసన ముక్కుకి కొట్టింది. కృష్ణుడి చెయ్యి పట్టుకుంటే మెత్తగా, నానిన అప్పడంలా ఉంది. హంస మెడ మీద నల్లటి చుక్కలు. ఇక గరుడుడు. ఆయన రంగు కవరుకి అతుక్కుపోయింది. కవరు లాగితే కవరుతో పాటు ముక్కు కూడా ఊడి వచ్చింది. రెండేళ్ళ తర్వాత కొండ మీద గరుడ సేవ మళ్ళీ మాడవీధుల్లో జరిగిన ఏడాది అది. ఊరంతా సంబరంగా ఉంటే మా ఇంట్లో గరుడుడికి ముక్కు లేదు! చామంతి దండ ముఖం దాకా వేసి కప్పాను. పేరంటానికి వచ్చిన వాళ్ళలో ఒక్కరి కన్నైనా తప్పిందా? తప్పలేదు. "ఏం వదినా, గరుడుడికి జలుబా?" అని పక్కింటావిడ అడిగింది. నవ్వాను. ఏం చేస్తాను మరి.

ఆ పెట్టెలోనే అడుగున మా అమ్మ నాకు పెళ్ళిలో ఇచ్చిన ఎర్రచందనం బొమ్మల జంట ఉంది. మరపాచి బొమ్మలంటామే, అవి. వాటికి ఈకంత దెబ్బ తగల్లేదు. మన శేషాచలం కొండల చెక్క అది. ఆ చేవకి చెదలు కూడా తేలిగ్గా లొంగవు. పైన ఉన్న కాగితపు బొమ్మలు నాకు చెప్పిన పాఠం వాటికి అక్కర్లేదన్నట్టు ఇద్దరూ నిక్కి నిలబడి ఉన్నారు.

తప్పు వానది కాదు. కవరుది. కవరులో పెడితే తడి లోపలికి రాదనుకుంటాం. లోపల అప్పటికే ఉన్న తడి బయటికి పోదని అనుకోం. అటక అంటే కప్పు కిందే ఉంటుంది. పగలు వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది. వేడికి బొమ్మలోంచి లేచిన చెమ్మ, చల్లదనానికి కవరు లోపలివైపు నీటి చుక్కలై పట్టి మళ్ళీ బొమ్మ మీదికే దిగుతుంది. వేడి అన్నం గిన్నె మీద మూత పెడితే ఏమవుతుందో అదే. రోజూ అదే. నెలల తరబడి అదే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ ఏడు నా పాట్లు విని, గుంటూరులో ఉండే మా చిన్ననాటి స్నేహితురాలు ఆశ్చర్యపోయింది. "మేం ముప్ఫై ఏళ్ళుగా కవర్లలోనే పెడుతున్నాం, ఒక్క బొమ్మా పాడవలేదే" అంది. చాలా రోజులు ఆలోచించాను. తర్వాత తట్టింది. వాళ్ళది సంక్రాంతి కొలువు. మనది దసరా కొలువు. వాళ్ళు బొమ్మలు సర్దేది జనవరిలో. గాలి పొడిగా ఉంటుంది, ఎదురుగా ఎండాకాలం ఉంటుంది. మనం సర్దేది అక్టోబరులో. ఎదురుగా ఏముంది? ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, ఈ మూడు నెలల్లో మన చిత్తూరు, తిరుపతి వైపు గట్టి వానలు పడతాయి. అంటే మనం బొమ్మల్ని వాన మొదట్లో మూట కట్టి వానంతా అటక మీద ఉంచుతున్నాం. అందుకని వాళ్ళ సలహా మనకు సరిపోదు. వాళ్ళ గోంగూర పచ్చడి ఎంత బాగున్నా సరే, ఈ విషయంలో మాత్రం వాళ్ళ మాట వినకండి.

మరి మన పెద్దవాళ్ళు ఏం చేసేవాళ్ళు? మా అవ్వ ఏం చేసేదో చెబుతాను.

మా అవ్వది చిత్తూరు. మిద్దె ఇల్లు. దశమి మర్నాడు ఆవిడ బొమ్మల్ని మెట్ల మీద నుంచి దించేది కానీ పెట్టెలో పెట్టేది కాదు. నడవలో ఈతచాప పరిచి, దాని మీద బొమ్మల్ని ఒకదానికొకటి తగలకుండా పడుకోబెట్టేది. ఎండలో మాత్రం పెట్టనిచ్చేది కాదు, రంగు పెచ్చులు లేస్తుందని. రెండు రోజులు, ముసురుంటే నాలుగు రోజులు అవి అట్లాగే ఉండేవి. మేం వాటిని దాటుకుంటూ తిరగాలి. కాలు తగిలితే తిట్లు. "ఇంకా ఎన్ని రోజులవ్వా, సర్దేద్దాం" అంటే, "ఏందే పాపా ఆ తొందర? తొమ్మిది రోజులు నిలబడినాయి, కాసింత నడుము వాల్చనీ" అనేది.

దుమ్ము దులపడానికి తడిగుడ్డ నిషేధం. సున్నం కొట్టే కుంచె చిన్నది ఒకటి ఉండేది, అదే వాడేది. చుట్టడానికి మా తాత పాత నూలు పంచెలు చింపి పెట్టుకునేది. వార్తాపత్రికను నేరుగా బొమ్మకు చుడితే ఒప్పుకునేది కాదు. సిరా అంటుకుని దేవుడి చెంప మీద అక్షరాలు పడతాయని. పంచె ముక్క లోపల, కావాలంటే పేపరు బయట. రేకు పెట్టె అడుగున వేపాకు వేసేది, అదీ నీడన ఎండబెట్టిన వేపాకు. పచ్చి వేపాకు వేస్తే మనమే తడిని తీసుకెళ్ళి లోపల పెట్టినట్టు. పెట్టె నేల మీద కాదు, గోడకు ఆనించీ కాదు. రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద.

ఇంతవరకు చాలామంది అవ్వలు చేసే ఉంటారు. మా అవ్వ ఇంకో పని చేసేది. నేను మరిచిపోయిందీ, ఇవాళ మీకు గట్టిగా చెప్పాలనుకున్నదీ ఇదే. భోగికి ముందు ఇల్లు దులుపుతారు కదా, ఆ రోజు ఆ పెట్టె తెరిచేది. కొలువు కోసం కాదు. బొమ్మల్ని బయటికి తీసి, గుడ్డలు విప్పి, ఒక పూట నడవలో గాలికి పెట్టేది. గుడ్డల్ని మాత్రం ఎండలో ఆరేసేది. వేపాకు మార్చేది. సాయంత్రానికి మళ్ళీ చుట్టి లోపల పెట్టేది. మేం పిల్లలం "కొలువు పెడదామవ్వా, మళ్ళీ పెడదాం" అని ఎగిరేవాళ్ళం. "కొలువు కాదే, వాటికి ఊపిరాడొద్దా?" అనేది. అంతే. ఆ ఊపిరి వెనక ఉన్న లెక్క నాకు అరవై దాటాక, గరుడుడి ముక్కు పోయాక తెలిసింది. వాన మూడు నెలల్లో పట్టిన చెమ్మను వాన వెళ్ళిపోగానే వదిలించేది ఆవిడ. ఎనిమిది తొమ్మిది నెలలు అలాగే మగ్గనిచ్చేది కాదు.

కాబట్టి జనవరిలో ఒక్కసారి పెట్టె తెరవండి. మళ్ళీ చెబుతున్నాను, జనవరిలో ఒక్కసారి. మరిచిపోతామని భయమైతే కొత్త క్యాలెండరు రాగానే భోగి ముందు రోజు దగ్గర "బొమ్మలు" అని రాసి పెట్టుకోండి. నేనట్లాగే రాస్తున్నాను. నానిన అప్పడంలా ఉన్న ఆ కృష్ణుడి చెయ్యి జనవరిలో దొరికుంటే ఆరబెట్టి నిలబెట్టుకునేదాన్ని. సెప్టెంబరులో దొరికితే పారేయడమే.

మిగతావి త్వరత్వరగా చెప్పేస్తాను. నాఫ్తలిన్ ఉండలు వేసేవాళ్ళు వాటిని చిన్న గుడ్డసంచిలో కట్టి వేయండి. బొమ్మకు గానీ, థర్మాకోల్‌కు గానీ తగలనివ్వకండి, థర్మాకోల్ మెత్తబడిపోతుంది. పిల్లలు చాక్లెట్లనుకుని నోట్లో పెట్టుకుంటే ప్రమాదం, చేతికి అందకుండా చూడండి. కర్పూరం వేస్తే సామెతలో ఉన్నట్టు హరించుకుపోతుంది, కొన్నాళ్ళకు ఏమీ మిగలదు. వినాయక చవితి మండపాలు, క్రిస్మస్ కాగితపు నక్షత్రాలు, ఉగాది ప్లాస్టిక్ తోరణాలు, వీటికీ ఇదే వరస. ఆరనిచ్చి పెట్టడం, మధ్యలో ఒకసారి చూడటం. కాగితపు నక్షత్రాన్ని మడతల వెంబడే మడవండి, కొత్త మడత పడితే అక్కడే చిరుగుతుంది.

పెట్టెలో వరస కూడా చెప్పాలి. ముందు కావలసింది చివర పెట్టాలి. నేనిప్పుడు వాహనాల్ని తిరగేసి సర్దుతున్నాను. అశ్వం అడుగున, పెద్దశేషుడు అన్నిటికన్నా పైన. మూత తీయగానే మొదటి రోజు వాహనం చేతికొస్తుంది. ఒక్కో మూట మీద పేరు రాసిన కాగితం. మూత లోపలివైపు మెట్ల ఫోటో ఒకటి అతికించాను. ఫోన్లో ఉంటుందిలే అనుకున్నాను గానీ, ఫోను మారినప్పుడు ఆ ఫోటో ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు.

గరుడుడికి ముక్కు మా మనవడు చేశాడు. తడిపిన కాగితం, మైదా జిగురు. ఆకుపచ్చ రంగు కొంచెం ముదురైంది, ముక్కు కొంచెం పొడుగైంది. ఐదో రోజు ముందుకు జరిపేది ఇప్పటికీ ఆయన్నే. దండ మాత్రం ముఖం దాకా వేయడం లేదు.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. సీరియల్ లైట్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పి లేస్తాను. ఒకసారి వెలిగించి చూసి, పనిచేస్తేనే లోపల పెట్టండి. అట్టముక్కకు చుట్టి, కొసను దారంతో కట్టండి. బ్యాటరీతో వెలిగే దీపాలుంటే బ్యాటరీలు తీసేయండి. లోపలే ఉంటే కారి, రేకుల్ని తినేస్తాయి. ఆ బ్యాటరీలు గడియారంలోకి పనికొస్తాయి. మా ఇంట్లో గోడ గడియారం ఇప్పుడు వాటితోనే నడుస్తోంది.

నమస్కారం.