స్కానింగ్ పరిశోధనలో ఉద్యోగం: ఇంటర్వ్యూకి ముందే చేయాల్సిన పని

శ్రోతలకు నమస్కారం. బయోమెడికల్, ఈసీఈ, కంప్యూటర్స్, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాళ్లకి ఎంఆర్‌ఐ, సీటీ, అల్ట్రాసౌండ్ చిత్రాల మీద పరిశోధన చేసే ప్రాజెక్టు ఉద్యోగాలు ఉంటాయి. హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్‌కి ఒక విభాగమే ఉంది. బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి సంస్థల్లో వైద్యం, పరిశోధన కలిసే నడుస్తాయి. కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో నెట్ లేదా గేట్ ఉన్న జూనియర్ రీసెర్చ్ ఫెలోకి 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. ప్రకటనలు ఎక్కువగా సంస్థ వెబ్‌సైట్లోనే, తక్కువ గడువుతో పడతాయి.

చాలామంది దరఖాస్తుకి పది ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు జతచేస్తారు. వాటికన్నా ఒక్క చిన్న పని మొదలుపెట్టి చివరిదాకా చేసి చూపించడం మేలు. బ్రాట్స్ అనే మెదడు కణితుల ఎంఆర్‌ఐ చిత్రాలు, పేరు నమోదు చేసుకుంటే పరిశోధనకి ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో రోగికి నాలుగు రకాలు: టీ1, కాంట్రాస్టు మందు ఎక్కించి తీసిన టీ1, టీ2, ఫ్లెయిర్. త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కణితి అంచు ఏ రకంలో ఎలా కనబడుతుందో ముందు కళ్లతో చూడండి. కణితిని గుర్తించేలా శిక్షణ ఇచ్చే ప్రోగ్రామ్, అంటే మోడల్, రాయడం ఆ తర్వాతే.

అసలు తప్పు జరిగేది ఇక్కడ. ఒక్కో చిత్రంలో 155 పొరలుంటాయి, పొరకీ పొరకీ ఒక మిల్లీమీటరు దూరం. అందరి పొరలూ కలగలిపి 80 శాతం శిక్షణకి, 20 శాతం పరీక్షకి విడదీస్తే, ఒకే రోగి 70వ పొర శిక్షణలో, 71వది పరీక్షలో పడుతుంది. ఆ రెండూ కవలల్లా ఉంటాయి. మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, కొత్త రోగి వచ్చేసరికి మోడల్ చతికిలబడుతుంది. పొరలవారీగా కాదు, రోగులవారీగా విడదీయాలి. ఈ ఒక్క మాట ఎందుకో వివరించగలిగితే బోర్డు మిమ్మల్ని చూసే తీరు మారుతుంది.

ఇంకొకటి, ఎడమ కుడి. ఆసుపత్రి యంత్రం ఇచ్చే డైకామ్ ఫైల్లో అడ్డ అక్షం మీద అంకెలు రోగి ఎడమవైపుకి పెరుగుతాయి. పరిశోధనలో వాడే నిఫ్టీ ఫైల్లో కుడివైపుకి. సొంతంగా రాసిన ప్రోగ్రామ్‌తో డైకామ్‌ని నిఫ్టీగా మార్చేటప్పుడు ఇది మరిచిపోతే కుడి కణితి ఎడమకి వెళ్తుంది, కంప్యూటర్ ఒక్క ఎర్రరూ చూపించదు. డీసీఎం2నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో మార్చండి, మార్చాక కూడా ఒక రోగి రిపోర్టుతో పోల్చి చూడండి.

రోగి వివరాల విషయంలో ఏమాత్రం అలసత్వం పనికిరాదు. డైకామ్ ఫైలు హెడర్‌లో పేరు, పుట్టిన తేదీ తీసేస్తే సరిపోదు. అల్ట్రాసౌండ్ చిత్రాల్లో పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది, దాన్ని విడిగా చెరపాలి. తల ఎంఆర్‌ఐ నుంచి ముఖాన్ని తిరిగి నిర్మించొచ్చు కాబట్టి, బయటివాళ్లకి పంపేముందు ముఖభాగం తీసేస్తారు.

ఇంటర్వ్యూలో మీరూ రెండు ప్రశ్నలు అడగండి, మొహమాటం వద్దు. రోగుల స్కాన్లు వాడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా? రాకపోతే నెలల తరబడి చేతికి ఒక్క స్కానూ అందదు. ప్రాజెక్టు గడువు ఇంకా ఎన్ని నెలలుంది? ప్రకటనలో మూడేళ్ల ప్రాజెక్టు అని ఉన్నా, అందులో రెండేళ్లు అప్పటికే గడిచిపోయి ఉండొచ్చు.