చెరువును కోసి చూస్తే

హోస్ట్: నమస్కారం. ఇవాళ ఊళ్లను కాగితం మీద పెట్టే పని గురించి మాట్లాడుకుందాం. నాతో ఉన్న అక్కది నెల్లూరే, అర్బన్ డిజైన్ చేస్తారు. అక్కా, ఫోన్ తెరిస్తే ఊరంతా పైనుంచి కనపడతా ఉంది కదా, ఇంకా చేత్తో గీయడం దేనికి?

అతిథి: మా స్వర్ణాల చెరువు ఉంది కదా, రొట్టెల పండగకు జనం నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకునేది, పైనుంచి చూస్తే అది ఒక మచ్చ అబ్బయ్యా. ప్లాన్‌లో నీలం రంగు పూసేస్తాం, అయిపోయిందనుకుంటాం. నేనూ మొదట్లో అట్లనే చేశా. ఆ షీటు మా అవ్వకు చూపిస్తే, "మెట్లు యాడున్నాయే? రొట్టె పట్టుకోవాలంటే నేను యాడ నిలబడేది?" అనింది. నాకు నోట మాట రాలేదు.

హోస్ట్: అప్పుడు సెక్షన్ గీశారా?

అతిథి: ఆ. గుమ్మడికాయను కోసినట్టు, బారాషహీద్ దర్గా దగ్గర్నుంచి నీళ్లలోకి ఒక గీత వెంబడి కోసి, పక్కనుంచి చూడడం. ఒకటికి వంద స్కేలు పెట్టుకుంటా. నేల మీద మీటరు, కాగితం మీద సెంటీమీటరు. నేను ముందు మనిషిని గీస్తా, సెంటీమీటరున్నర పైచిలుకు ఎత్తు. తర్వాత ఆ మనిషి కాళ్ల కింద మెట్టు, తలమీద నీడ. మనిషి లేకుండా మొదలుపెడితే అన్నీ కొలతలే మిగుల్తాయి.

హోస్ట్: మరి నీళ్లు?

అతిథి: అసలు కష్టం అక్కడే ఉంది. రొట్టెల పండగ మొహర్రం నెలలో. చాంద్రమానం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2013లో నవంబరులో వచ్చింది, మనకు వానలు పడే కాలం. 2025లో జులైలో. ఇంకొన్నేళ్లకు మే ఎండల్లోకి వచ్చేస్తుంది. కాలం మారితే నీటి మట్టమూ మారుతుంది కదా. సెక్షన్‌లో ఒక్క నీటి గీతే గీస్తే అది తప్పుడు బొమ్మ. నేను మూడు గీస్తా: నిండుగా ఉన్నప్పుడు, మామూలుగా, ఎండల్లో. మూడు గీతల దగ్గరా ఒక మనిషిని నిలబెడతా. ఏ మెట్టు దగ్గర నీళ్లు మోకాలికి వస్తాయో, ఏ మెట్టు దగ్గర నడుముకొస్తాయో అప్పుడు తెలుస్తుంది.

హోస్ట్: అయితే ప్లాన్‌తో పని లేదంటారా?

అతిథి: అయ్యో, అట్లనలేదు. ప్లాన్ ఎట్లా గీయాలో నోలీని చూసి నేర్చుకోవాలి. జంబాటిస్టా నోలీ, 1748లో రోమ్ నగరం మ్యాపు అచ్చేశాడు, పన్నెండు షీట్లు. ఇళ్లన్నీ ముదురుగా నింపాడు, వీధులు తెల్లగా వదిలాడు. ఆయన గొప్పతనం ఏందంటే, చర్చిల లోపలి భాగాన్ని కూడా వీధి మాదిరే తెల్లగా వదిలాడు. జనం పోగలిగిన చోటంతా తెలుపే. అదే పద్ధతిలో రంగనాయకులపేట గీసి చూడు. గుడి మండపం తెలుపు. ఎండకు ఎవరైనా కూచునే అరుగు తెలుపు. మామూలు మ్యాపులో ఆ అరుగు ఇంటి నలుపులో కలిసిపోయి ఉంటుంది. రేపు రోడ్డు వెడల్పు చేస్తే పోయేది ముందు అదే, పోయిందని కూడా ఎవరికీ తెలీదు.

హోస్ట్: పండగ రోజు వేరే ఊరై పోతుంది కదక్కా.

అతిథి: దానికి బటర్ పేపర్, అడుగున గీసింది కనపడే పల్చటి కాగితం. అడుగున బేస్ మ్యాపు, మీద ఒక పొర మామూలు రోజు, ఇంకో పొర పండగ రోజు: జనం వచ్చే దారి, పోయే దారి, రొట్టెల అంగళ్లు, అంబులెన్సు దారి. రెండూ కలిపి వెలుతురుకు పట్టుకుంటే ఎక్కడ ఇరుకో కంటికి తగుల్తుంది. త్రీడీ రెండర్లు, అంటే కంప్యూటర్లో నిజంలా కనపడేట్టు చేసే బొమ్మలు, ఆఖర్న చేసుకోవచ్చు, తొందరేం లేదు.

హోస్ట్: కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొలతలు ఎట్లా తీసుకోవాలి? టేపు లేకపోతే?

అతిథి: చెయ్యి ఉంది కదా. నా జేన ఎనిమిది అంగుళాలు. ఘాట్ దగ్గర ఒక్కో మెట్టుకూ జేన ఆనించి చూస్తా, పుస్తకంలో రాసుకుంటా. మెట్టు జేన దాటితే మా అవ్వ ఎక్కలేదు. అక్కడ ఎర్ర పెన్సిలు పెడతా.