ఒకే బల్ల దగ్గర సుంకరి, జెలోతే

సభాధ్యక్షులకు, కాపరులకు, విశ్వాసులందరికీ వందనాలు. నా పరిచయానికే చాలా సమయం పట్టింది కనుక నేరుగా విషయానికి వస్తాను. రాజకీయ భేదాల మధ్య క్రైస్తవులు విశ్వాసాన్ని ఎలా జీవించాలో చెప్పమన్నారు.

యేసు ఏర్పరచుకున్న పన్నెండుమందిలో పాలకుల కోసం సుంకం వసూలు చేసిన మత్తయి ఉన్నాడు, జెలోతే అనబడిన సీమోను ఉన్నాడు. ఆ పేరు రోమా ఏలుబడిని సహించని రాజకీయాన్ని సూచిస్తుందని కొందరు పండితులు, కేవలం ధర్మశాస్త్ర నిష్ఠను సూచిస్తుందని మరికొందరు అంటారు. మొదటి మాటే నిజమైతే, వారిద్దరికీ ఎప్పుడు రాజీ కుదిరిందో సువార్తలు చెప్పవు. కడపటి భోజనానికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని మాత్రం వాటినిబట్టి తెలుస్తుంది.

నేనెరిగిన ఒక సంఘంలో, ఎన్నికలైన వారంలో జరిగిన ప్రార్థన కూటంలో, సంఘ పెద్ద ఒకరు కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా మధ్య కొందరు లోకంతో చేతులు కలిపారు, వారి కళ్ళు తెరువు" అని ప్రార్థించారు. ఆ "కొందరు" ఎవరో గదిలో ఉన్నవారందరికీ తెలుసు, ఎందుకంటే ఆ సహోదరుడు రెండో వరుసలోనే మోకరించి ఉన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. అతడు లేచి బైబిలు చంకన పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు, తరువాతి ప్రభురాత్రి భోజనానికి రాలేదు. ఎదురుగా నిలబడి అనడానికి నోరు రాని మాటను దేవునితో చెబుతున్నట్టు పొరుగువానికి వినిపించడం ప్రార్థన అవుతుందా? మీరే చెప్పండి. ఈ సంగతి ఎక్కడ మాట్లాడినా నాకు కోపం వస్తుంది, పెద్దలు మన్నించాలి.

రాజకీయాలు మనకెందుకు, ప్రార్థించుకుంటే చాలదా అనేవారితోనూ నేను ఏకీభవించను. 1934లో, హిట్లర్ ఏలుబడిలోని జర్మనీలో, బార్మెన్ ప్రకటన చేసిన క్రైస్తవులు సంఘానికి క్రీస్తే ప్రభువని, రాజ్యం సంఘంపై సర్వాధికారం చెలాయించకూడదని బహిరంగంగా చెప్పారు. బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో బ్రిటన్ పార్లమెంటులో నెగ్గడానికి ఆ సభ సభ్యుడైన విల్బర్‌ఫోర్స్ ఏళ్ళ తరబడి శ్రమించాడు. విశ్వాసం వారిని ఇంట్లో కూర్చోబెట్టలేదు.

అయితే ఇశ్రాయేలు రాజైన ఆహాబు సభను ఒకసారి తలచుకోండి. దాదాపు నాలుగు వందల మంది ప్రవక్తలు రాజుకు ఇష్టమైన మాటే చెప్పగా, మీకాయా ఒక్కడే ప్రభువు సెలవిచ్చిన మాట చెప్పి, చెంపదెబ్బ తిని, చెరసాలకు వెళ్ళాడు. అవతలి పక్షంవారి పాపాలు మనకు కంఠతా వచ్చు, మన పక్షం చేసినవి మాత్రం గుర్తుకు రావు. మనం అభిమానించే నాయకుడు అబద్ధమాడితే అది అబద్ధమని చెప్పగలమా? అది చెప్పలేనివారు మీకాయా పేరు ఎత్తకపోవడమే మంచిది.

ఇంకొక సంగతి. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యం పలుకకూడదన్న ఆజ్ఞ వాట్సాప్‌కు కూడా వర్తిస్తుంది. నిజమో కాదో తెలియని సందేశాన్ని, అవతలి పక్షాన్ని నొప్పిస్తుందన్న ఒకే కారణంతో సంఘ గ్రూపులో పంపినవాడు, దానిని రాసినవాడు కాకపోయినా, సాక్షుల బోనులో నిలబడ్డట్టే.

నేను మొదలుపెట్టింది విశ్వాస జీవితం గురించి, చివరికి ప్రార్థన దగ్గరే ఆగిపోతున్నాను. కానీ అది చెడితే తక్కినదేదీ నిలవదని నా అభిప్రాయం. రాజుల కొరకును అధికారుల కొరకును ప్రార్థించమని తిమోతికి వచ్చిన పత్రికలో వారు మనకు నచ్చినవారై ఉండాలన్న షరతు లేదు. కాబట్టి ఇక్కడున్న సంఘ పెద్దలను ఒక్కటే కోరుతున్నాను: వచ్చే ఆదివారం మీరు ఓటు వేయని నాయకుని పేరు చెప్పి, అతనికి న్యాయబుద్ధి, ఆరోగ్యం ఇమ్మని ప్రార్థించండి, "కళ్ళు తెరువు" అన్న మాట మాత్రం వద్దు. ఆ తరువాత, మీ సంఘంలో బల్లకు రావడం మానేసినవారు ఎవరైనా ఉంటే, సాయంత్రం వారి ఇంటికి వెళ్ళండి.