ఏడుపు కూడా మన యాసలోనే

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, వానలో తడిసి వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. సినిమా నటులు, మాండలికాల గురించి మాట్లాడమన్నారు.

ఈ రోజు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన మనిషి. జనం నోట ఉన్నదే భాష అని జీవితమంతా కొట్లాడారు. మన కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు. అలాంటాయన పుట్టిన జిల్లా యాస సినిమాలో ఎక్కడుంది? ఇన్నాళ్ళూ వంటింట్లో, గేటు దగ్గర ఉంది. పనిమనిషికి మన యాస, వాచ్‌మన్‌కి మన యాస. వాళ్ళు నోరు విప్పితే జనం నవ్వాలి.

యాస నేర్చుకోవడం నటుడికి తప్పు కాదు. కోట శ్రీనివాసరావు గారిది కృష్ణా జిల్లా కంకిపాడు. 1985లో ప్రతిఘటనలో తెలంగాణ యాస పలికి పేరు తెచ్చుకున్నారు. సాయిపల్లవిది తమిళనాడు. 2017లో ఫిదాకి తన గొంతుతోనే తెలంగాణ మాట చెప్పుకుంది. చెవి, శ్రద్ధ ఉంటే వస్తుంది. ‘ఏటి’ అని ఒక ముక్క తగిలిస్తే మాత్రం శ్రీకాకుళం అయిపోదు. ‘వచ్చేశాను’ అన్నది ‘వచ్చీసినాను’ అవుతుంది చూడండి, ఆ ‘చ్చీ’ దగ్గర సాగదీత ఎంతో తెలియాలి. ఊపిరి ఎక్కడ తీయాలో తెలియాలి. అది కాగితం మీద రాసిస్తే రాదు, మనిషి పక్కన కూర్చుని వినాలి.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, ఒక్క సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ థియేటర్. పేరు చెప్పను. పనిమనిషి పాత్రకు గొంతు ఇవ్వడానికి నన్ను పిలిచారు. సగం సినిమా వరకూ ఆవిడ వేళాకోళమే. ‘బేగొచ్చీయండి బాబూ’ అంటే లోపల కూర్చున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. తర్వాత ఆవిడ కొడుకు చనిపోయే సీను. ‘నా కొడుకు ఎలిపోనాడమ్మా’ అన్నాను. నవ్వు లేదు. మైకులోంచి ఒక గొంతు వచ్చింది: ‘అమ్మా, ఇది సీరియస్ సీను. మామూలు తెలుగులో చెప్పండి.’ వెళ్ళిపోయాడు అనాలట! సినిమా మొదట్లో ‘బేగొచ్చీయండి’ అన్న నోరు, కొడుకు చస్తే భాష మార్చుకుంటుందా? మా వీధిలో ఏ తల్లి అలా ఏడ్చింది? మీలో ఎవరి అమ్మయినా అలా ఏడ్చిందా, చెప్పండి?

నేను ఒప్పుకోలేదు. ఆ ఒక్క లూపు, అంటే ఆ డైలాగు ముక్క, ఇంకో అమ్మాయితో చెప్పించారు. సినిమాలో ఆ తల్లికి రెండు గొంతులున్నాయి. నవ్వించే గొంతు నాది, ఏడ్చే గొంతు వేరే అమ్మాయిది.

తెలంగాణవాళ్ళకీ ఒకప్పుడు ఇదే బాధ. విలన్‌కీ కమెడియన్‌కీ వాళ్ళ యాస. 2023లో బలగం వచ్చింది. చావు ఇంట్లో వాళ్ళ యాసలోనే ఏడుపు, పాట. ఊళ్ళలో తెరలు కట్టి చూశారు, చూసినవాళ్ళు ఏడ్చారు. నవ్వడానికి పనికొచ్చిన యాస ఏడవడానికి పనికిరాదన్న మాట అక్కడితో పోయింది.

మనకూ కొంత మారింది. గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్ళి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల కథతో 2025లో తండేల్ వచ్చింది. హీరో నోట మన యాస! నేను కూర్చున్న థియేటర్లో మా పక్క సీటు ముసలాయన ‘మనోడే’ అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళు తడిశాయి. అయినా ఒక్క సినిమాతో సరిపోదు.

ఈ హాల్లో రాసే పిల్లలున్నారని తెలుసు. షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళూ ఉన్నారు. చావు ఇంటి సీను ఒకటి మన యాసలో రాసి నా దగ్గరికి తీసుకురండి. గొంతు నేనిస్తాను, పైసా తీసుకోను.