అమ్మ కూడా చైరులో రావచ్చు

వేదిక మీదున్న పెద్దలకు, కింద నాతో పాటు కూర్చున్నవాళ్లకు నమస్కారం. నన్నూ పైకి రమ్మన్నారు. మెట్లు చూసి ఇక్కడే బాగుందన్నాను. మైకు కిందికి తెచ్చిచ్చిన తమ్ముడికి థ్యాంక్స్. డిసెంబర్ 3, దివ్యాంగుల దినోత్సవం కాబట్టి వాళ్ల హక్కుల మీద మాట్లాడమన్నారు. చట్టం సంగతి నా తర్వాత లాయర్ గారు చెబుతారు, నేను ఇంటి సంగతి చెబుతాను.

స్కూటర్ మీద నుంచి పడి నా వెన్నుపూస విరిగింది. మాది చిత్తూరు, ఆపరేషన్ అయ్యాక వేలూరు తీసుకెళ్లారు. అక్కడి పునరావాస కేంద్రం 1966లో మొదలైంది. దాని వెనకున్న మనిషి డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆవిడకీ నడుము కింద చచ్చుబడింది. ఆ తర్వాత వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఈ కథ విని అందరికీ ధైర్యం వస్తుందట. నాకైతే ఒళ్లు మండింది. ఆవిడ డాక్టరమ్మ. ఇద్దరు పిల్లలున్న నాకు రేపు ఇంట్లో అన్నం ఎవరు వండుతారన్నదే టెన్షన్. ఆవిడ విలువ తర్వాత నెమ్మదిగా తెలిసిందిలెండి.

ఇంటికి పంపే ముందు ఫిజియో అమ్మాయి మా ఆయన్ని అడిగింది, "మీ బాత్‌రూమ్ తలుపు వెడల్పెంత సార్?" అని. దగ్గరుండి ఇల్లు కట్టించుకున్న మనిషి నోరు తెరిచి చూశాడు. మా మరిదికి ఫోన్ చేసి కొలవమంటే 24 అంగుళాలన్నాడు. నా చైరు 24న్నర. అర అంగుళం అండీ! మేస్త్రి వచ్చి ద్వారబంధం పీకేసి, అక్కడ కర్టెన్ కట్టేదాకా నాకు హాల్లో మంచం చుట్టూ చీర కట్టారు. నా అవసరాలన్నీ ఆ చీర వెనకే. పదేళ్ల కొడుకు ఆ పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునేవాడు, తల ఎత్తకుండా. ఇక్కడ ఇంజనీర్లు ఎవరైనా ఉన్నారా? బాత్‌రూమ్‌కి 36 అంగుళాల తలుపు పెడితే ఏం పోతుంది?

ఇక ముందు గడప. దాన్ని తీయిద్దామంటే మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "లక్ష్మీదేవి ఉండే చోటమ్మా" అంది. నాకూ నోరు రాలేదు, పెళ్లయినప్పటి నుంచి దానికి పసుపు రాసింది నేనే కదా. చివరికి పెరటి గడప తీయించుకోనిచ్చింది. ముందు గడపకి రెండు వైపులా చెక్క వాలు పెట్టాం. శుక్రవారం తెల్లారి ఆవిడ చెక్కలు తీసి పసుపు రాసి, బొట్లు పెట్టి, మళ్లీ యథాస్థానంలో పెడుతుంది. ఎవరి మాటా పోలేదు.

గడప దాటితే వీధి మెట్లు. ర్యాంపు లెక్క ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. మా ఇల్లు రెండడుగుల ఎత్తు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతారని ముందుచూపుతో అందరం ఎత్తు పెంచి కట్టుకున్నాం. 24 అడుగుల ర్యాంపు వేస్తే ఎదురింటి వాళ్ల వాకిట్లో తేలుతుంది. అందుకే పక్క సందులోకి మలుపు తిప్పి వేయించాం. ఆఫీసుల ముందు ర్యాంపులు చూడండి, మోటార్ సైకిల్ ఎక్కించడానికి నిటారుగా వేసినవే. వాటి మీద నన్ను వదిలితే వెనక్కొచ్చి రోడ్డు మీద పడతాను.

ఒక్క నిమిషం ఆగండి.

చూశారుగా, చేతుల మీద ఒంటిని లేపి కాసేపు పట్టుకుని దింపాను. పావుగంటకి, ఇరవై నిమిషాలకి ఒకసారి ఇలా చెయ్యాలి. స్పర్శ లేని చోట పుండు పడుతుంటే మనకి తెలియదు. ఇంట్లో మా పాప టీవీ చూస్తూనే "అమ్మా, లేచావా?" అని అరుస్తుంది. అన్నం వార్చేటప్పుడూ ఇదే భయం. వేడి గిన్నె ఒళ్లో పెట్టుకుంటే తొడ కాలిపోతున్నా తెలీదు. అందుకని చైరు చేతుల మీద అడ్డంగా చెక్క పలక వేసుకుని, దాని మీద పెట్టుకుంటాను. పొయ్యి గట్టు మీద నుంచి దించి బల్ల మీద పెట్టించాను.

పిల్లల్ని పెంచడం మాత్రం ఎవరూ నేర్పలేదు. మావాణ్ని తిడితే మేడ మెట్లెక్కి కూర్చుంటాడు. అమ్మ రాలేదని తెలుసు వెధవకి. నేను వైఫై ఆపేస్తాను, దిగొస్తాడు.

అసలు చెప్పాలనుకున్నది బడి గురించి. పేరు చెప్పను. పేరెంట్స్ మీటింగుకి వెళ్తే అది రెండో అంతస్తులో. కింద ర్యాంపు ఉంది, దివ్యాంగ పిల్లల కోసం వేశారు, సంతోషం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా వాళ్లకి బడి అందుబాటులో ఉండాలంటుంది. కానీ చైరులో ఒక తల్లి వస్తుందని ఎవరికీ తట్టలేదు. నలుగురు మగవాళ్లు ముందుకొచ్చి "మోసుకెళ్తాం అక్కా" అన్నారు. మంచివాళ్లే. అయినా వద్దన్నాను. నా కొడుకు క్లాసు పిల్లలందరి ముందూ నలుగురు నన్ను మోయడం నాకిష్టం లేదు. టీచరమ్మ కిందికి వస్తే సరిపోదా? "మీ ఆయన్ని పంపండమ్మా" అన్నారు. ఆయన వెళ్లి సంతకం పెట్టి వచ్చారు. వాడికి లెక్కల్లో ఎందుకు తగ్గాయో ఆయన అడగలేదు, నేనైతే అడిగేదాన్ని.

హెడ్మాస్టర్లు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారని తెలుసు. సార్, లిఫ్టు కట్టమనడం లేదు. మీటింగు కింది గదిలో పెట్టండి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మలు కూడా వస్తారు.

చీటీ పంపారు, టైమైందట. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. టేపు నా సంచిలోనే ఉంటుంది. చైరు కొలత రాసుకెళ్లి మీ మేస్త్రికి ఇవ్వండి.