ప్రింటర్ పేరు పలకడం మానేస్తే 8.8.8.8 మందు కాదు

నమస్కారం. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది కాలేజీ ల్యాబుల్లోనో చిన్న ఆఫీసుల్లోనో సిస్టమ్స్ చూసుకునేవాళ్ళే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఉబుంటు లినక్స్‌ను 16.04 నుంచి 18.04కి అప్‌గ్రేడ్ చేస్తారు, రీబూట్ అవుతుంది, బ్రౌజర్‌లో సైట్లన్నీ వస్తుంటాయి, కానీ నిన్నటిదాకా 'పింగ్ ప్రింటర్' అని కొడితే పలికిన ప్రింటర్ ఇవాళ పలకదు. ఐపీ అడ్రస్ కొడితే మాత్రం వెంటనే పలుకుతుంది. అంటే కేబులూ రౌటరూ బాగానే ఉన్నాయి, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గరే తేడా వచ్చింది.

16.04లో నెట్‌వర్క్ మేనేజర్, డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ ప్రోగ్రామ్‌ను సిస్టమ్ లోపలి అడ్రస్ 127.0.1.1 మీద నడిపేది. ఏ పేరు అడిగినా అది మారుమాట లేకుండా రౌటర్‌కి పంపేసేది. 18.04లో ఆ పని 127.0.0.53 మీద కూర్చున్న సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే సర్వీసుది. దీనికో పట్టింపు ఉంది: చుక్క లేని ఒంటి పేరును మామూలు డీఎన్ఎస్ సర్వర్‌కి పంపదు. మన లోపలి మెషీన్ల పేర్లు మన చేతిలో లేని సర్వర్ల దాకా పోకూడదన్నది దాని ఉద్దేశం, నా మటుకు నాకు అది సబబే అనిపిస్తుంది. మీరే చూడండి, పేరుకి అడ్రస్ అడిగే 'ఎన్ఎస్‌లుకప్ ప్రింటర్' కమాండ్ కొడితే ఫెయిల్ అవుతుంది, అదే చివర 192.168.1.1 అని మీ రౌటర్ అడ్రస్ తగిలిస్తే జవాబు వచ్చేస్తుంది. రౌటర్‌కి పేరు తెలుసు, దాన్ని అడిగేవాళ్ళే లేరు.

ఇక్కడే చాలామంది టెన్షన్ పడి, ఏ డీఎన్ఎస్ సర్వర్‌ని అడగాలో చెప్పే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ లింకును తీసేసి, ఆ పేరుతోనే ఒక ఫైలు రాసి అందులో గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్ 8.8.8.8 పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి! మీ గదిలో ప్రింటర్ ఉందని గూగుల్ సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? రౌటర్ అడ్రస్‌నీ 8.8.8.8నీ పక్కపక్కన పెట్టడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే 'ఆ పేరు లేదు' అన్నది కూడా జవాబే, అది అందాక రెండో సర్వర్‌ని ఎవరూ అడగరు. పొద్దున పనిచేసి మధ్యాహ్నం ఆగిపోయే కంప్లయింట్లు చాలావరకు ఇలా పుట్టినవే.

చేయాల్సింది మెషీన్లకు ఇంటిపేరు పెట్టడం. రౌటర్‌లో డీఎన్ఎస్‌మాస్క్ ఉంటే డొమైన్ దగ్గర హోమ్ డాట్ ఆర్పా అని ఇవ్వండి, సరిగ్గా ఇలాంటి వాటికోసమే 2018లో కేటాయించిన పేరది. సిస్టమ్స్‌కి ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ద్వారా అది ప్రతి సిస్టమ్‌కీ సెర్చ్ డొమైన్‌గా చేరుతుంది, మీరు ప్రింటర్ అన్నా వెనకాల ప్రింటర్ డాట్ హోమ్ డాట్ ఆర్పా అని అడుగుతుంది, చుక్క ఉంది కాబట్టి రిజాల్వ్‌డీకి అభ్యంతరం లేదు. చేరిందో లేదో 'సిస్టమ్‌డీ-రిజాల్వ్ --స్టేటస్'లో డీఎన్ఎస్ డొమైన్ అన్న వరుసలో కనిపిస్తుంది, కొత్త వెర్షన్లలో అయితే 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్'.

డాట్ లోకల్ మాత్రం పెట్టకండి. అది 2013 నుంచి ఎండీఎన్ఎస్ (సర్వర్ లేకుండా మెషీన్లే ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి) సొత్తు, అవాహీ, బాంజూర్ లాంటి ప్రోగ్రామ్‌లు దాన్నే వాడతాయి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో పేర్లను ఏ క్రమంలో వెతకాలో చెప్పే ఎన్ఎస్‌స్విచ్ ఫైలు తెరిచి హోస్ట్స్ వరుస చూడండి, డీఎన్ఎస్ కంటే ముందు ఎండీఎన్ఎస్4_మినిమల్, దాని పక్కనే 'దొరక్కపోతే వెనక్కి వచ్చెయ్' అన్న ఆదేశం ఉంటాయి. అందుకే డాట్ లోకల్ పేరుకి ఎన్ఎస్‌లుకప్ జవాబిచ్చినా పింగ్ ఇవ్వకపోవచ్చు: ఎన్ఎస్‌లుకప్ ఆ ఫైలు చూడనే చూడదు, పింగ్ దాన్ని చూశాకే కదులుతుంది. పింగ్‌కి ఏ జవాబు అందుతోందో తెలియాలంటే 'గెట్ఎంట్ హోస్ట్స్' కొట్టి చూడండి.