పాల్ రాడ్జర్స్ 'ది రాయల్ సెషన్స్' రివ్యూ: స్టాక్స్ పాటలు, హై బ్యాండ్ వాయింపు

నమస్తే అండి. ఈ వీడియోలో పాల్ రాడ్జర్స్ సోలో ఆల్బమ్ 'ది రాయల్ సెషన్స్' గురించి మాట్లాడుకుందాం. 2014లో వచ్చింది. 10 పాటలు, పదీ ఇంతకుముందు వేరేవాళ్లు పాడినవే. "ఓహో, కవర్ల ఆల్బమా" అని వీడియో మార్చేయకండి. అసలు సంగతి ఎవరు వాయించారు, ఎక్కడ వాయించారు అన్న దాంట్లో ఉంది.

రాడ్జర్స్ గొంతు రాక్ వినేవాళ్లకి కొత్త కాదు. ఫ్రీ బ్యాండ్‌తో 1970లో 'ఆల్ రైట్ నౌ', తర్వాత బ్యాడ్ కంపెనీ, 2004 నుంచి కొన్నేళ్లు క్వీన్‌తో. ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోలో పుట్టిన మనిషి. కానీ ఆ రాక్ పాటల్లో కూడా మాట చివర్ని సాగదీసి విరవడం వినండి, అది 60ల నాటి అమెరికా గాయకుడు ఓటిస్ రెడింగ్ నుంచి పట్టిందే. 1993లో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌కి నివాళిగా ఒక ఆల్బమ్ చేశారు. దాన్నిండా పేరున్న గిటారిస్టులే, మన చెవి గొంతుని వదిలేసి గిటార్ వెంట పోతుంది. ఇక్కడ ఆ హడావుడి లేదు.

ఇప్పుడు అమెరికాలోని మెంఫిస్ ఊరి కథ కొంచెం చెప్పుకోవాలి. 60ల్లో, 70ల్లో అక్కడ సోల్ (చర్చి పాటలూ బ్లూసూ కలిసిన అమెరికా నల్లజాతి సంగీతం) రికార్డులు వేసే పెద్ద కంపెనీలు రెండు. స్టాక్స్‌ది మెక్‌లెమోర్ అవెన్యూలో సొంత స్టూడియో. ఓటిస్ రెడింగ్, ఆల్బర్ట్ కింగ్, శామ్ అండ్ డేవ్ వాళ్ల మనుషులు. ఇంకోటి హై రికార్డ్స్. వాళ్ల పాటలు విల్లీ మిచెల్ నడిపిన రాయల్ స్టూడియోలో తయారయ్యేవి. ఆల్ గ్రీన్ పాటలు పుట్టింది అక్కడే. స్టాక్స్‌లో బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యాలు) ముందుకొచ్చి గుద్దుతుంది. హై బ్యాండ్ గొంతు తగ్గించి, బీట్‌కి వెంట్రుకవాసి వెనక కూర్చుని వాయిస్తుంది.

ఈ ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు స్టాక్స్‌వి, వాయించింది మాత్రం రాయల్‌లో హై మనుషులు. హామండ్ ఆర్గన్ మీద చార్ల్స్ హాడ్జెస్, బేస్ గిటార్ ఆయన తోబుట్టువు లీరాయ్, ఎలక్ట్రిక్ పియానో ఆర్చీ టర్నర్. గిటార్ మైఖేల్ టోల్స్‌ది, ఆయన స్టాక్స్ గాయకుడు ఐజాక్ హేస్‌తో పనిచేసినాయన. ప్రొడ్యూసర్ పెరీ మార్గూలెఫ్. అందరూ ఒకే గదిలో కలిసి వాయిస్తుంటే, కంప్యూటర్ లేకుండా టేపు మీదికి రికార్డు చేశారు. ఇలా చేస్తే డ్రమ్స్ శబ్దం కొంత గాయకుడి మైకులోకి కూడా వెళ్తుంది. తర్వాత ఒక్క లైను మాత్రం తీసేసి మళ్లీ పాడి అతికిద్దామంటే ఆ అతుకు తెలిసిపోతుంది. అందుకే వీటిలో ఒకే ఊపులో పాడిన పట్టు ఉంటుంది.

గది సంగతి కూడా చెప్పాలి. రాయల్ ఒకప్పుడు సినిమా హాలు, నేల ఏటవాలుగా ఉంటుంది. నేలా సీలింగూ సమాంతరంగా లేకపోతే శబ్దం రెండిటి మధ్యా అంతగా గింగిర్లు కొట్టదు. ఫోన్ స్పీకర్‌లో వింటే ఇదంతా పోయినట్టే. లీరాయ్ బేస్ వినపడదు, బ్యాండ్ సన్నగా, నిద్రమత్తుగా అనిపిస్తుంది. కనీసం వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, బేస్ బూస్ట్ ఆపేయండి.

నా లెక్కలో ఆల్బమ్‌కి గుండెకాయ 'ఐ కాంట్ స్టాండ్ ద రెయిన్'. 1973లో ఆన్ పీబుల్స్ ఇదే స్టూడియోలో పాడారు. దాని మొదట్లో వాన చినుకుల్లా వినపడేవి ఎలక్ట్రిక్ టింబేల్స్ అనే చిన్న డ్రమ్ములు. అప్పుడు వాయించిన హాడ్జెస్ సోదరులే నలభై ఏళ్లకి మళ్లీ వాయించారు. ముందు పీబుల్స్‌ది విని, వెంటనే ఇది పెట్టండి.

ఓటిస్ పాటల దగ్గరే చిక్కు. పదిలో ఐదు ఆయన పాడినవే, మరీ ఎక్కువయ్యాయి. 'ఐ హావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్' నెమ్మదిగా నడిచే పాట, ప్రతి బీట్‌లోనూ మూడేసి చిన్న దెబ్బలు. ఓటిస్ ఆ దెబ్బల మధ్య మాటని ముక్కలు చేసి ఏడిపిస్తాడు. రాడ్జర్స్ పొడవాటి గీత గీసినట్టు పాడతారు. బాగుంటుంది, గాయం మాత్రం కనపడదు. 'ఐ హావ్ గాట్ డ్రీమ్స్ టు రిమెంబర్'లో ఆ పద్ధతే చక్కగా కుదిరింది, ఎందుకంటే ఆ పాటే కల లాగా సాగాలి.

'బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్' లేకపోయినా నష్టం లేదు. 1967 నుంచి ఆ రిఫ్ (పాటంతా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ ముక్క) వాయించని బార్ బ్యాండ్ ఉందా? ఆ పాటున్న ఆల్బర్ట్ కింగ్ ఎల్‌పీ రికార్డులోదే 'డౌన్ డోంట్ బాదర్ మీ' కూడా ఇక్కడ ఉంది, దానికి నా ఓటు.

కొనేవాళ్లు డీలక్స్ ఎడిషన్ తీసుకోండి. అదనంగా 3 పాటలున్నాయి, ఒకటి ఫ్రీ మొదటి ఆల్బమ్‌లోని 'వాక్ ఇన్ మై షాడో'. ఆల్బమ్ మీద వచ్చే డబ్బు మెంఫిస్‌లో పిల్లలకి సంగీతం నేర్పే స్టాక్స్ మ్యూజిక్ అకాడమీకి ఇస్తామని అప్పట్లోనే ప్రకటించారు. రేటింగ్ అడుగుతారు కాబట్టి: పదికి ఏడున్నర. ఆ రెండున్నర ఓటిస్ ఖాతాలో వేసుకోండి.